క్రీడల్లో పళ్లకు రక్షణ: మౌత్‌గార్డ్ ఎంపికపై తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి శిక్షణ శిబిరాలు మొదలయ్యే ముందు, మళ్లీ సంక్రాంతి కబడ్డీ పోటీలు దగ్గరపడినప్పుడు, నెల్లూరు, ప్రకాశం జిల్లాల తల్లిదండ్రులు, వ్యాయామోపాధ్యాయులు, ఆటగాళ్లు మౌత్‌గార్డ్ గురించి, అంటే ఆటలో దెబ్బ తగలకుండా పళ్ల మీద పెట్టుకునే మెత్తని తొడుగు గురించి, దాదాపు ఒకే రకమైన సందేహాలు అడుగుతుంటారు. వాటికి జవాబులను ఇక్కడ దశల వారీగా కూర్చాము. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

మా పిల్లవాడు ఆడేది కబడ్డీ, బాక్సింగ్ కాదు. వాడికి కూడా మౌత్‌గార్డ్ కావాలా?

కావాలి. కబడ్డీలో బంతి లేదు, బ్యాటు లేదు కాబట్టి పళ్లకు ప్రమాదం లేదని చాలామంది అనుకుంటారు. కానీ రెయిడర్ చీలమండ పట్టడానికి వంగిన డిఫెండర్ ముఖం సరిగ్గా ఎదుటివాడి మోకాలి ఎత్తులో ఉంటుంది. నలుగురైదుగురు ఒకేసారి మీద పడినప్పుడు అడుగున ఉన్నవాడి గడ్డం నేలకు కొట్టుకుంటుంది, పై పళ్లూ కింది పళ్లూ ఒకదానికొకటి గట్టిగా తాకుతాయి. మౌత్‌గార్డ్ దెబ్బ బలాన్ని ఒక్క పంటి మీద పడనీయకుండా వరుసంతటికీ పంచుతుంది. పంటి అంచు తగిలి పెదవి, బుగ్గ తెగకుండా మధ్యలో అడ్డుగా ఉంటుంది.

ఏ ఆటలకు ఇది తప్పనిసరి?

బాక్సింగ్‌లో మౌత్‌గార్డ్ లేకుండా రింగులోకి దిగనివ్వరు. అంతర్జాతీయ కరాటే, తైక్వాండో పోటీల్లోనూ ఇది తప్పనిసరి. హాకీ, కబడ్డీ, కుస్తీ, ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, ఖోఖో, స్కేటింగ్ ఆడేవారు నిబంధన ఉన్నా లేకున్నా పెట్టుకోవడం మంచిది. బ్యాడ్మింటన్, వాలీబాల్ వంటి, వల అవతలి ప్రత్యర్థితో ఆడే ఆటల్లో ప్రమాదం తక్కువ.

క్రికెట్‌లో హెల్మెట్ ఉంటుంది కదా, ఇంకా మౌత్‌గార్డ్ ఎందుకు?

గ్రిల్ ఉన్న హెల్మెట్‌ను సరైన కొలతలో పెట్టుకుని బ్యాటింగ్ చేసేవారికి మౌత్‌గార్డ్ అంత ముఖ్యం కాదు. ప్రమాదమంతా హెల్మెట్ లేని చోట్లలోనే ఉంది. స్పిన్ బౌలింగుకు వికెట్లను ఆనుకుని నిలబడే కీపర్, బ్యాట్స్‌మన్‌కు దగ్గరగా ఉండే ఫీల్డర్, ఎగుడుదిగుడు మైదానంలో నేల మీద వచ్చే బంతిని ఆపబోయే పిల్లవాడు ఎక్కువగా దెబ్బ తింటారు. తోలు బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు, టెన్నిస్ బంతి బరువు దాదాపు 58 గ్రాములు. పిల్లవాడు టెన్నిస్ బంతి నుంచి తోలు బంతికి మారినప్పుడు ప్యాడ్లు, గ్లవ్స్‌తో పాటు మౌత్‌గార్డ్ కూడా కొనడం వివేకం.

మా అమ్మాయికి ఎత్తు పళ్లు. ఆమెకు ప్రమాదం ఎక్కువా?

ఎక్కువే. పై ముందు పళ్లు బయటికి వచ్చి, పెదవి వాటిని పూర్తిగా కప్పని పిల్లలకు పడినా, మోచేయి తగిలినా మొదటి దెబ్బ ఆ పళ్లకే తగులుతుంది. ఇలాంటి పిల్లలు ఏ ఆట ఆడినా మౌత్‌గార్డ్ పెట్టించాలి. సాధారణ రెడీమేడ్ గార్డు ఎత్తు పళ్ల మీద సరిగా కూర్చోదు కాబట్టి వీలైనంత వరకు దంతవైద్యుని చేత అచ్చు తీయించి చేయించడమే మేలు.

మాది కనిగిరి వైపు, ఫ్లోరైడ్ నీళ్లకు పళ్లు గారపట్టాయి. అలాంటి పళ్లకు మౌత్‌గార్డ్ పెట్టవచ్చా?

పెట్టవచ్చు. తెల్లని చారలు, పసుపు లేదా గోధుమ మచ్చలు మాత్రమే ఉంటే మౌత్‌గార్డ్ అమరికకు ఏ ఇబ్బందీ ఉండదు. ఫ్లోరోసిస్ తీవ్రంగా ఉండి పంటి పైపొరలో గుంటలు పడినా, అంచులు పెచ్చులుగా ఊడుతున్నా ముందు దంతవైద్యునికి చూపించాలి. అలాంటి పళ్లకు సిమెంటు నింపినా, క్యాప్ వేసినా వాటి ఆకారం మారుతుంది. అందువల్ల ఆ చికిత్స పూర్తయిన తరువాతే మౌత్‌గార్డ్‌కు అచ్చు తీయించుకోవాలి, లేకపోతే చేయించినది వృథా అవుతుంది.

ఏ వయసు నుంచి పెట్టించాలి?

ముందు వైపు శాశ్వత దంతాలు వచ్చే ఆరేడేళ్ల వయసు నుంచి, దెబ్బలు తగిలే ఆటలు ఆడే పిల్లలందరికీ పెట్టించాలి. పాల పళ్లు ఊడి కొత్తవి వస్తున్న పన్నెండు, పదమూడేళ్ల వరకు నోటి ఆకారం మారుతూనే ఉంటుంది. ఆ వయసులో వేడి నీళ్లలో మెత్తబరిచి అమర్చుకునే రకం కొని, బిగుతైనప్పుడల్లా కొత్తది తీసుకోవడం ఆచరణలో తేలిక.

పల్లెటూరి పిల్లల ఆటకు ఇంత ఖర్చు అవసరమా?

వేడి నీళ్లలో అమర్చుకునే గార్డు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. దంతవైద్యుడు చేయించి ఇచ్చేదానికి ల్యాబ్ ఖర్చు కలిసి అంతకు కొన్ని రెట్లు అవుతుంది. దీనికి ఎదురుగా, పన్నెండేళ్ల పిల్లవాడికి ముందు పన్ను ఊడిపోతే ఏమవుతుందో తల్లిదండ్రులు తెలుసుకోవాలి. దవడ ఎదుగుదల పూర్తయ్యేవరకు, అంటే దాదాపు పద్దెనిమిదేళ్లు దాటేవరకు, ఇంప్లాంట్ (దవడ ఎముకలో నాటే కృత్రిమ పన్ను) వేయరు. అన్నాళ్లూ ఆ పిల్లవాడు తీసి పెట్టుకునే పన్నుతోనో మరో తాత్కాలిక ఏర్పాటుతోనో బడికి వెళ్లాలి, ఎముక తరిగిపోకుండా చూసుకోవాలి, ఆ తరువాత వేలల్లో ఖర్చు పెట్టాలి. మంచి బూట్లు కొనగలిగిన ఇంట్లో మౌత్‌గార్డ్ కొనలేమనడానికి కారణం కనబడదు.

## రకం ఎంచుకునేటప్పుడు

మార్కెట్లో ఎన్ని రకాలున్నాయి, వాటిలో ఏది మంచిది?

మూడు రకాలున్నాయి. మొదటిది ప్యాకెట్ విప్పి నేరుగా నోట్లో పెట్టుకునే రెడీమేడ్ గార్డు. ఇది ఎవరి పళ్లకూ సరిగా అతకదు, పళ్లు బిగించి పట్టుకుంటే తప్ప నిలవదు, మాటకూ ఊపిరికీ అడ్డం వస్తుంది. చవకగా దొరికినా దీన్ని మేము సిఫారసు చేయము.

రెండవది వేడి నీళ్లలో మెత్తబరిచి, నోట్లో పెట్టుకుని కొరికి, పళ్ల ఆకారానికి తెచ్చుకునే రకం. జాగ్రత్తగా అమర్చుకుంటే బడి పిల్లలకూ, వారాంతాల్లో ఆడేవారికీ ఇది సరిపోతుంది. దీని లోపమల్లా మెత్తగా ఉన్నప్పుడు బలంగా కొరికితే ముందు పళ్ల దగ్గర పలచబడిపోవడమే. మందం ఎక్కువ కావలసిన చోటే తగ్గిపోతే రక్షణ కూడా తగ్గిపోతుంది.

మూడవది దంతవైద్యుడు పళ్ల అచ్చు తీసి ల్యాబ్‌లో చేయించేది. పెదవి వైపు మందం దాదాపు 3 మిల్లీమీటర్లు ఉండేలా, అంగిలి వైపు పలచగా ఉండేలా, చిగుళ్ల అంచుకు సరిపోయేలా దీన్ని తయారు చేయవచ్చు. రెండు పొరలను ఒత్తిడితో అతికించి చేసినది, ఒకే రేకును సాగదీసి చేసినదాని కన్నా మందాన్ని బాగా నిలుపుకుంటుంది. చేయించేటప్పుడు ఆ మాట అడగడం మంచిది. శాశ్వత దంతాలన్నీ వచ్చి, జిల్లా స్థాయిలోనో అంతకు పైనో కబడ్డీ, హాకీ, బాక్సింగ్ ఆడేవారు ఈ మూడవ రకమే చేయించుకోవాలి. అయితే డబ్బు సమకూరేదాకా ఏమీ లేకుండా ఆడడం కన్నా, రెండవ రకాన్ని ఈ వారమే కొని సరిగా అమర్చుకోవడం నయం.

అచ్చు తీసి చేసేది నెల్లూరు, ఒంగోలుల్లో దొరుకుతుందా? ఎన్నిసార్లు వెళ్లాలి?

పళ్ల అచ్చులు తీసి కట్టుడు పళ్లు, క్యాపులు చేయించే దంతవైద్యుడెవరైనా దీన్ని చేయించగలరు. దంత వైద్య కళాశాలల్లో ఈ పని చూసే విభాగాలుంటాయి, నెల్లూరు చింతారెడ్డిపాళెంలోని నారాయణ దంత వైద్య కళాశాలకు వెళ్లి అడగవచ్చు. సాధారణంగా రెండుసార్లు వెళ్లాలి, మొదటిసారి అచ్చుకు, రెండవసారి అమరిక చూసుకోవడానికి. పుచ్చు పళ్లు, కదిలే పళ్లు ఉంటే ముందు వాటికి చికిత్స చేస్తారు కనుక పోటీకి కొన్ని వారాల ముందే వెళ్లడం మంచిది.

మౌత్‌గార్డ్ పెట్టుకుంటే కబడ్డీ కూత ఎలా వినబడుతుంది?

ఇది మన వైపు ఆటగాళ్లందరూ అడిగే ప్రశ్న, అడగదగిన ప్రశ్న కూడా. ఎదుటి కోర్టులో కూత ఆగిపోతే రెయిడర్ అవుట్ అవుతాడు, కూత అంపైర్‌కు స్పష్టంగా వినబడాలి. "కబడ్డీ" అన్న మాటలో ‘బ’కు పెదవులు కలవాలి, ‘డ్డ’కు నాలుక కొన మడతపడి అంగిలిని తాకాలి. గార్డు పెదవి వైపు లావుగా పొంగి ఉంటే పెదవులు కలవవు, అంగిలి వైపు లావుగా ఉంటే నాలుక చోటు దొరకక ‘డ్డ’ ముద్దగా పలుకుతుంది. అందువల్ల రెయిడర్ అంగిలి వైపు పలచగా, చిగుళ్ల అంచు దగ్గరే ఆగిపోయే గార్డు ఎంచుకోవాలి. వేడి నీళ్లలో అమర్చుకునే రకమైతే మెత్తగా ఉన్నప్పుడే నాలుకతో లోపలి వైపు అంగిలికి గట్టిగా అదమాలి.

కొత్త గార్డుతో నేరుగా పోటీకి దిగకూడదు. రోజూ ఇంట్లో కాసేపు పెట్టుకుని కూత పెట్టడం, ఆ తరువాత సాధనలో పూర్తి రెయిడ్ చేయడం అలవాటైతే, కొద్ది రోజుల్లో కూత స్పష్టంగా వస్తుంది. అప్పటికీ మాట ముద్దగానే ఉంటే దంతవైద్యుడు లోపలి అంచును అరగదీసి సరిచేయగలరు. కూతకు అడ్డమని గార్డును జేబులో పెట్టుకుని ఆడే రెయిడర్లు ఈ చిన్న సవరణ చేయించుకుంటే పళ్లూ దక్కుతాయి, ఆటా దక్కుతుంది.

పళ్లకు క్లిప్పులు వేశారు. మామూలు మౌత్‌గార్డ్ సరిపోతుందా?

సరిపోదు. వేడి నీళ్లలో మెత్తబడే మామూలు గార్డు క్లిప్పుల చుట్టూ బిగుసుకుని, తీసేటప్పుడు వాటిని ఊడదీయగలదు. పళ్లు జరుగుతున్న కొద్దీ అది పట్టడం మానేస్తుంది కూడా. క్లిప్పులున్నవారి కోసమే చేసిన, పళ్లు జరగడానికి చోటుండే గార్డు కొనాలి, లేదా క్లిప్పులు వేసిన వైద్యుని చేతనే చేయించాలి. క్లిప్పులున్న పిల్లలకు చిన్న దెబ్బకే పెదవి లోపల చీరుకుపోతుంది కాబట్టి ఈ విషయంలో వాయిదా వద్దు.

తీసి పెట్టుకునే కట్టుడు పన్ను ఉంది. దాని మీదే గార్డు పెట్టుకోవచ్చా?

పెట్టుకోకూడదు. దెబ్బకు ఆ పన్ను విరిగితే ముక్క గొంతులోకి, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. కట్టుడు పన్ను తీసి పక్కన పెట్టి, ఆ ఖాళీతోనే అచ్చు తీయించి గార్డు చేయించుకోవాలి. తీయడానికి వీలులేని క్యాపులు, బ్రిడ్జిలు ఉన్నవారు వాటి మీదుగా చేయించుకోవచ్చు.

రాత్రి పళ్లు కొరకకుండా ఇచ్చిన గార్డునే ఆటకు వాడవచ్చా?

వాడకూడదు. అది గట్టి పదార్థంతో, పళ్లు అరగకుండా చేసినది, దెబ్బ బలాన్ని పీల్చుకోదు. పళ్లు వరుసలోకి తెచ్చే పారదర్శక అలైనర్లు, సరిచేసిన పళ్లను అక్కడే నిలిపే రిటైనర్లు కూడా అంతే, ఆటకు ముందు వాటిని తీసేయాలి. ఆటకు వాడే గార్డు ఎక్కువగా ఈవీఏ అనే, రబ్బరులా సాగే పదార్థంతో తయారవుతుంది.

పై పళ్లకేనా, కింది పళ్లకు కూడా కావాలా?

చాలామందికి పై పళ్లకు చాలు, ఎందుకంటే ముందు దెబ్బ తగిలేది వాటికే. కింది దవడ ముందుకు ఉన్నవారికి కింది పళ్లకు చేయాల్సి రావచ్చు. రెండు వరుసలకూ కలిపి వచ్చే గార్డులతో ఊపిరి తీసుకోవడం కష్టం, ఎక్కువ పరుగు ఉండే ఆటలకు అవి పనికిరావు.

రంగు విషయంలో ఏమైనా నిబంధన ఉందా?

బాక్సింగ్‌లో ఎరుపు రంగు వద్దు, నోటి నుంచి రక్తం వస్తున్నదో లేదో రెఫరీకి తెలియదు. తైక్వాండోలో తెల్లనివి లేదా పారదర్శకమైనవి అనుమతిస్తారు. మిగతా ఆటలకు ముదురు నీలం, ఆకుపచ్చ వంటి రంగు ఎంచుకుంటే నోట్లో ఉన్నదీ లేనిదీ కోచ్‌కు దూరం నుంచే తెలుస్తుంది.

మౌత్‌గార్డ్ పెట్టుకుంటే తలకు దెబ్బ తగిలినా మెదడుకు ఏమీ కాదంటారు, నిజమేనా?

అలా నమ్మకూడదు. పళ్లకూ, పెదవులకూ అది చేసే మేలు స్పష్టంగా తెలిసినదే, మెదడు అదురును ఆపుతుందనడానికి గట్టి ఆధారం లేదు. తలకు దెబ్బ తగిలి మైకం కమ్మినా, వాంతి అయినా, ఎక్కడున్నదీ చెప్పలేకపోయినా గార్డు ఉన్నదన్న ధీమాతో ఆటగాణ్ని తిరిగి ఆటలోకి దించకూడదు.

## ఇంట్లో అమర్చుకునేటప్పుడు

వేడి నీళ్లలో పెట్టి అమర్చడం ఎలా?

ప్యాకెట్ మీద రాసిన సమయాన్నే పాటించాలి, ఒక్కో తయారీదారు ఒక్కో విధంగా చెబుతారు. మొత్తం మీద పద్ధతి ఇది. నీళ్లు మరిగాక పొయ్యి మీది నుంచి దించి, చెప్పినన్ని సెకన్లు గార్డును అందులో ఉంచి, చిల్లుల గరిటెతో తీసి, నోరు కాలకుండా ఒక్క క్షణం చల్లటి నీళ్లలో ముంచాలి. అద్దం ముందు నిలబడి, గార్డు మధ్య గుర్తు రెండు ముందు పళ్ల మధ్యకు వచ్చేలా పెట్టుకోవాలి. పళ్లతో మెల్లగా అదిమి పట్టాలి, గట్టిగా కొరకకూడదు. అదే సమయంలో బయటి నుంచి పెదవినీ బుగ్గలనూ వేళ్లతో ఒత్తుతూ, గాలినీ ఉమ్మునూ లోపలికి పీల్చి, నాలుకతో లోపలి నుంచి నెట్టాలి. అరనిమిషం తరువాత తీసి చల్లటి నీళ్లలో వేస్తే ఆకారం గట్టిపడుతుంది. చిన్న పిల్లలకు ఈ పని పెద్దవారే దగ్గరుండి చేయించాలి.

సరిగా అమరిందని ఎలా తెలుసుకోవాలి?

నోరు తెరిచినప్పుడు గార్డు పై పళ్లను అంటిపెట్టుకుని ఉండాలి. పళ్లు బిగిస్తేనే నిలబడుతోందంటే అది వదులుగా ఉన్నట్టే. చిగుళ్లకు, పెదవి లోపలి మడతకు గుచ్చుకోకూడదు, పరిగెత్తి వచ్చాక కూడా నోటితో ఊపిరి హాయిగా ఆడాలి. వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తే ముందు పళ్ల దగ్గర మందం మిగిలి ఉందో లేదో తెలుస్తుంది. అక్కడ కాగితంలా పలచబడి ఉంటే దాన్ని పక్కన పెట్టి కొత్తది అమర్చుకోవాలి.

పెట్టుకోగానే డోకు వస్తోంది. ఏం చేయాలి?

వెనక కొనలు పొడవుగా ఉన్నాయన్నమాట. మొదటి పెద్ద దవడ పన్ను వరకు గార్డు ఉంటే చాలు, అంతకు మించిన భాగాన్ని పదునైన కత్తెరతో కొద్దికొద్దిగా కత్తిరించి, అంచు గరుకు లేకుండా చేయాలి.

## వాడకం, శుభ్రత

పోటీ రోజు మాత్రమే పెట్టుకుంటే సరిపోతుందా?

సరిపోదు. ఆటగాడు పోటీల్లో కన్నా సాధనలోనే ఎక్కువ గంటలు గడుపుతాడు, దెబ్బలు అక్కడా తగులుతాయి. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో ఆడినా, ఊరి బడి వెనక మట్టి కోర్టులో ఆడినా నియమం ఒకటే. వ్యాయామోపాధ్యాయులు సాధన మొదలయ్యే ముందు బూట్లు చూసినట్టే గార్డునూ చూస్తే పిల్లలకు అలవాటవుతుంది.

ఎలా శుభ్రం చేయాలి?

ఆట అయిన వెంటనే చల్లటి మంచినీళ్లతో కడిగి, మెత్తని బ్రష్‌తో, తేలికపాటి సబ్బుతో రుద్ది, మళ్లీ కడగాలి. టూత్‌పేస్ట్ గీతలు పెడుతుంది, ఆ గీతల్లో మురికి చేరుతుంది. ఉప్పదనం ఎక్కువగా ఉన్న బోరు నీళ్లు తెల్లటి పొర మిగులుస్తాయి కనుక చివరిసారి తాగే నీళ్లతో కడగడం మంచిది. తడి ఆరాక గాలి రంధ్రాలున్న డబ్బాలో పెట్టాలి, తడిదాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి సంచిలో పడేయకూడదు.

బండి డిక్కీలో పెట్టి మరిచిపోయాను, ఆకారం మారింది. మళ్లీ వేడి చేసి వాడవచ్చా?

మన జిల్లాల్లో రోహిణీ కార్తె ఎండకు నిలిపి ఉంచిన కారులోనూ, బండి డిక్కీలోనూ గార్డు మెత్తబడి వంగిపోతుంది. వేడి నీళ్లలో అమర్చుకునే రకాన్ని తయారీదారు అనుమతిస్తే తిరిగి అమర్చుకోవచ్చు. కానీ ప్రతిసారీ అది కొంత పలచబడుతుంది. దంతవైద్యుడు చేయించినది వంగిపోతే ఇంట్లో వేడి చేయకుండా ఆయనకే చూపించాలి.

జట్టులో ఒకరి గార్డు ఇంకొకరు వాడవచ్చా?

ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు. ఉమ్ము, చిగుళ్ల రక్తం ద్వారా వ్యాధులు అంటుకుంటాయి, పైగా ఒకరి పళ్లకు అమరినది మరొకరి పళ్లను కాపాడదు.

ఎన్నాళ్లకు మార్చాలి?

చిరిగినా, కొరుకుడుకు గుంటలు పడినా, వదులైనా వెంటనే మార్చాలి. ఎదిగే పిల్లలకు ప్రతి సీజన్ మొదట్లో అమరిక చూడాలి.

## దెబ్బ తగిలినప్పుడు

ఆటలో పన్ను పూర్తిగా ఊడి పడింది. మొదట ఏం చేయాలి?

శాశ్వత దంతమైతే వెంటనే వెతికి, నమిలే భాగం పట్టుకుని ఎత్తాలి, వేరును ముట్టుకోకూడదు. మట్టి అంటితే చల్లటి పాలతో గానీ మంచినీళ్లతో గానీ కొన్ని సెకన్లు మాత్రమే కడగాలి, రుద్దకూడదు, గుడ్డతో తుడవకూడదు. ఆటగాడు స్పృహలో ఉంటే పన్నును అదే గుంటలో సరైన దిశలో పెట్టి, శుభ్రమైన రుమాలు మడిచి కొరికి పట్టుకోమని, నేరుగా దంతవైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాలి. వేరు మీది జీవకణాలు ఆరిపోయే కొద్దీ పన్ను నిలిచే అవకాశం తగ్గుతుంది. అరగంటలోపు చేరితే మంచిది. గంటసేపు పొడిగా ఉండిపోతే ఆ కణాలు దాదాపు చచ్చిపోతాయి, అయినా పన్నును పారేయకుండా తీసుకువెళ్లాలి. పాల పన్ను ఊడితే మాత్రం తిరిగి పెట్టకూడదు, కింద తయారవుతున్న శాశ్వత దంతానికి దెబ్బ తగులుతుంది.

గుంటలో పెట్టడానికి ధైర్యం చాలలేదు. పన్నును దేనిలో తీసుకువెళ్లాలి?

పాలలో. మైదానం పక్కనున్న టీ కొట్టులో చల్లటి ప్యాకెట్ పాలు అడిగి, చిన్న గ్లాసులో పోసి పన్ను అందులో వేయాలి. పొయ్యి మీద మరుగుతున్న పాలు, చక్కెర కలిపిన పాలు వద్దు. పాలు దొరకకపోతే పన్ను ఊడిన ఆటగాడే గ్లాసులోకి ఉమ్మితే పన్నును అందులో వేయవచ్చు, సెలైన్ కూడా పనికివస్తుంది. మామూలు నీళ్లలో ఎక్కువసేపు ఉంచితే వేరు మీది కణాలు దెబ్బతింటాయి, కానీ వేరే దారి లేనప్పుడు పొడిగా కాగితంలో చుట్టడం కన్నా అదే నయం.

పన్ను ముక్క విరిగింది, నొప్పి లేదు. ఆగవచ్చా?

ఆగకూడదు. ముక్కను దొరికితే నీళ్లలోనో పాలలోనో వేసి తీసుకువెళ్లాలి, చాలాసార్లు దాన్నే తిరిగి అతికించగలరు. విరిగిన చోట ఎర్రటి చుక్క కనబడితే పంటి లోపలి నరం బయటపడినట్టు, ఆ రోజే చూపించాలి. పై పళ్లూ కింది పళ్లూ ఎప్పటిలా కలవకపోయినా, నోరు తెరుచుకోకపోయినా దవడ విరిగి ఉండవచ్చు. స్పృహ తప్పినా, వాంతులైనా ముందు 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి తరలించాలి, పంటి సంగతి ఆ తరువాత చూడవచ్చు.

ఊడిన పన్ను తిరిగి పెట్టారు. మళ్లీ ఎప్పుడు ఆడవచ్చు, పాత గార్డు పనికివస్తుందా?

తిరిగి పెట్టిన పన్నును పక్క పళ్లకు సన్నని తీగతో సాధారణంగా రెండు వారాలు కట్టి ఉంచుతారు. ఆ కాలంలో మెత్తని ఆహారమే తినాలి, దెబ్బలు తగిలే ఆట ఆడకూడదు. వేరు పూర్తిగా ఎదిగిన పంటికి ఆ రెండు వారాల్లోపే రూట్ కెనాల్ మొదలుపెడతారు. ధనుర్వాతం టీకా సంగతి కూడా అప్పుడే అడగాలి. తిరిగి మైదానంలోకి ఎప్పుడు వెళ్లాలన్నది ఎక్స్‌రే చూసి వైద్యుడే చెప్పాలి. పన్ను స్థానం కొద్దిగా మారినా పాత గార్డు దాని మీద ఒత్తిడి పెడుతుంది కనుక, తీగ తీసేసిన తరువాత కొత్తగా అచ్చు తీయించి మరో గార్డు చేయించుకోవాలి.